టేబుల్‌లో లేనివాళ్లు

మొదటి చావు పోయిన గురువారం. రెండోది శనివారం. సోమవారం మూడోవాడు మేడ మీది కిటికీలోంచి దూకి, రెండు కాళ్లూ విరగ్గొట్టుకుని, ప్రాణం దక్కించుకున్నాడు. మూడూ పట్టపగలే జరిగాయి, పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యన. రోజు విడిచి రోజు. ఇవాళ బుధవారం.

సాక్షి రక్షణ విభాగం ఆఫీసులో మూడో అంతస్తు మెట్లెక్కేసరికి నా వాచీలో పదకొండూ పది అయింది. అంటే నా చేతిలో ఉన్నది యాభై నిమిషాలు. ఆయాసం మెట్ల వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అది వట్టి మాట. గంట క్రితం ఆ విభాగం డైరెక్టరు ఫోన్ చేసి సంగతి చెప్పినప్పటి నుంచీ నా గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి.

సంగతి ఇది. నకిలీ మందులు తయారుచేసే ఒక ముఠా మీద పెద్ద కేసు నడుస్తోంది. వాళ్లమీద సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నవాళ్లు మూడు వందల పదకొండు మంది. అందరికీ పేర్లు మార్చి, తలో వీధిలో తలో ఇల్లు చూపించి దాచారు. ఫోన్లు కూడా ఉంచుకోనివ్వలేదు. ఎవరెక్కడ ఉన్నారో ఈ విభాగానికి తప్ప దేవుడికి కూడా తెలియకూడదు. అలాంటిది, ముఠా పంపిన మనిషెవడో ముగ్గురి ఇళ్లూ తడుముకోకుండా కనుక్కున్నాడు. లోపలి నుంచి అడ్రసులు బయటికి పోకపోతే ఇది జరగదు, అందుకే బయటి మనిషిని పిలుస్తున్నానన్నాడు డైరెక్టరు. ఇరవై ఏడేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, నోటి దురుసు వల్ల బయటికొచ్చి, డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నదాన్ని నేను. కాదనలేదు.

గదిలో అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఇక్కడి రికార్డుల బాధ్యత అతనిదే. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. రిపోర్టు రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు, ఇప్పటికీ సరిగ్గా రాదు.

"రండి మేడమ్. కాస్త ఆలస్యంగా వచ్చారు. కేసు అయిపోయింది," అన్నాడు కుర్చీలోంచి లేవకుండా.

"అయిపోతే పట్టుకుపోకుండా ఇక్కడ కూర్చున్నావేం? నాకు స్వాగతం చెప్పడానికా?"

"పన్నెండింటికి వారంటు వస్తుంది. తీసుకెళ్లడమే. అదిగో, ఆ అమ్మాయే." గోడవారన ఉన్న బల్ల వైపు గడ్డంతో చూపించాడు.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. ఈ ఆఫీసులో టెస్టర్. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు తెల్లబడేలా బిగించి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. ఎదురుగా కంప్యూటరు, పక్కన ఒక లావుపాటి నోటుపుస్తకం, పిల్లలు గీసిన పిల్లి బొమ్మ ఒకటి తెరకి అంటించి ఉంది. గోడ మీద ఆఫీసు యంత్రాల నంబర్ల పట్టీ. గదిలో ఇంకేం లేవు. ఒకే తలుపు, కిటికీకి ఊచలు.

కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను. "నీ పనేంటో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మాయ్. కంప్యూటరు మీద నాకు టైపు కొట్టడమే వచ్చు. ఇన్‌స్పెక్టర్ గారికి అదీ రాదు."

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. అమ్మాయి పెదాలు తడుపుకుంది.

"సాక్షుల రికార్డులన్నీ ఇంతకుముందు కార్డుల మీద ఉండేవండి. వాటిని టైపు చేసి ఒక ఫైలు చేశారు. మనిషికి ఒక లైను. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, మధ్యలో గీతలు. ఆ ఫైలు మొత్తాన్ని ఒక్క ఊపున డేటాబేస్‌లో టేబుల్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం ఒకటుంది. లోడింగ్ అంటాం. ఏ గడిలోది ఆ గడిలోకి సరిగ్గా ఎక్కుతోందా లేదా చూడటం నా పని."

"ఎప్పుడు ఎక్కించావు?"

"పోయిన వారం సోమవారం, సాయంత్రం ఐదూ పదికి. అది ఉత్త టెస్టు లోడింగేనండి. అసలుది ఇంకా చెయ్యలేదు."

"టెస్టుకి నిజం సాక్షుల అడ్రసులు పెడతారా ఎక్కడైనా? ఏవో దొంగ పేర్లు నాలుగు రాసుకుని చూసుకోవచ్చుగా!" నాకు ఒళ్లు మండింది.

"దొంగ డేటా బుద్ధిగా ఉంటుంది మేడమ్. మనమే రాస్తాం కాబట్టి అన్నీ చక్కగా ఎక్కేస్తాయి. వంకరలన్నీ నిజం డేటాలోనే ఉంటాయి. దాంతో చూడకపోతే అసలు రోజున కొంప మునుగుతుంది. అందుకే అడిగాను. ఇన్‌స్పెక్టర్ గారే సంతకం పెట్టి ఇచ్చారు."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సంతకం పెట్టింది టెస్టు చెయ్యడానికి. అమ్ముకోడానికి కాదు. మేడమ్, సూటిగా అడుగుతా. ఆ టేబుల్ తెరిచే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? ఈవిడ ఒక్కదాని దగ్గరే. తెరిస్తే మూడు వందల మంది ఇళ్లు వరసగా కనపడతాయి. ఇంకెవరికి సాధ్యం?"

"చచ్చిపోయినవాళ్ల పేర్లు ఈ అమ్మాయికి చెప్పావా?"

"భలేవారే. ఆ విషయం బయటికి పొక్కితే మిగతావాళ్లంతా సాక్ష్యం మానేస్తారు. చావుల సంగతి కూడా ఇవాళ పొద్దున్నే చెప్పాం."

"ఆ ముగ్గురి పేర్లూ నీ జేబులో చీటీ మీద ఉంటాయి. తియ్యి."

"అది రహస్యం మే..."

"తియ్యమన్నానా! పదకొండూ ఇరవై అయింది. ఇంకో నలభై నిమిషాల్లో నాలుగోవాడి తలుపు కొడతారు. అప్పుడు ఆ చీటీ నీ మెళ్లో వేళ్లాడదీసుకుందువుగాని."

చీటీ తీశాడు. తలకిందులుగా పట్టుకుని నాకిచ్చాడు. పైకి ఎంత దబాయించినా వీడికీ నాలాగే భయంగా ఉందని అప్పుడు తెలిసింది.

"అమ్మాయ్, టేబుల్ తెరువు. గురువారం చచ్చిపోయినావిడ పేరు ఇది. ఎక్కడుందో వెతికి చూపించు."

ఆమె టైపు చేసింది. తెర మీద ఒక్క మాట వచ్చింది: సున్నా వరుసలు. పేరులో అక్షరం తప్పిందేమోనని అడ్రసు పెట్టి వెతికించాను. సున్నా. శనివారం పోయినాయన పేరు పెట్టించాను. సున్నా. కాళ్లు విరిగినవాడిది పెట్టించాను. మళ్లీ అదే.

"లేరండి," అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు. "ఈ ముగ్గురూ టేబుల్‌లో లేరు."

ఇన్‌స్పెక్టర్ ఒక్క ఉదుటున లేచాడు. "చెరిపేసింది! చూశారా, సాక్ష్యం లేకుండా చెరిపేసింది!"

"కూర్చో. చెరిపితే గుర్తు ఉంటుందా అమ్మాయ్?"

"ఉంటుందండి. లాగ్ ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చేసినా రాసుకుంటుంది." ఆమె వేళ్లు ఇప్పుడు చకచకా కదిలాయి. పనిలో పడేసరికి మనిషి మారిపోయింది. "ఇదిగో. సోమవారం ఐదూ పది, లోడింగ్. ఐదూ ఇరవై, నేను లెక్క చూశాను. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఈ టేబుల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా."

నేను తెర దగ్గరికి వంగి ఆ లోడింగ్ లాగ్ చదివాను. చదివిన లైన్లు మూడు వందల పన్నెండు. ఎక్కినవి మూడు వందల అయిదు. ఎక్కనివి ఏడు.

"ఇక్కడే నాకు తిక్క రేగుతోంది," అన్నాను. "సాక్షులు మూడు వందల పదకొండు మందని డైరెక్టరు చెప్పాడు. నీ ప్రోగ్రాం మూడు వందల పన్నెండు లైన్లు చదివింది. ఆ ఎక్కువ మనిషెవరు?"

"మొదటి లైన్లో గడుల పేర్లు రాసి ఉంటాయి మేడమ్, పేరు, తేదీ అని. దాన్ని కూడా లెక్కేసి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనకీ కాస్త తెలుసునని చూపించుకోడానికి.

"అంతేనా అమ్మాయ్?"

"అం... అంతేనండి," అంది ఆమె, నా వైపు చూడకుండా. అబద్ధం చెప్పేవాళ్లని ఇరవై ఏడేళ్లు చూశాను. ఈ అమ్మాయికి అబద్ధం చెప్పడం చేతకాదు. కానీ ఆ క్షణాన దాని వెంటపడే తీరిక నాకు లేదు. ఎక్కని ఏడుగురి సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

"ఆ ఏడు లైన్లూ ఏమవుతాయి? ప్రోగ్రాం పారేస్తుందా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పారెయ్యదు మేడమ్. విడిగా ఇంకో ఫైల్లో రాసిపెడుతుంది. రిజెక్ట్ ఫైలు. లైను ఉన్నదున్నట్టు, కింద అది ఎందుకు ఎక్కలేదో కారణం. అడ్రసు గడికి అరవై అక్షరాలే ఇచ్చారు. ఇళ్ల గుర్తులవీ రాసిన పొడుగు అడ్రసులు పట్టలేదు. గడి వెడల్పు పెంచాలని ఆ రోజే రాశాను, దాని మీద ఇన్‌స్పెక్టర్ గారి సంతకం ఇంకా రాలేదు."

"దాని సంగతి తర్వాత. ఆ ఫైలుకి తాళం ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "టేబుల్‌కి మూడు తాళాలు వేశాం మేడమ్. అసలు ఫైలుని పనవగానే గుర్తుపట్టకుండా మార్చేశాం. దీని సంగతి ఎవరికీ తట్టలేదు. దాన్ని మేం డేటా అనుకోం. తప్పుల చిట్టా అనుకుంటాం. ఆఫీసులో అందరూ చూసే ఫోల్డర్లో అలా పడి ఉంటుంది."

"తెరువు."

తెరిచింది. ఏడు లైన్లు. నేను చీటీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. మొదటి లైను గురువారం చచ్చిపోయినావిడ. రెండో లైను శనివారం పోయినాయన. మూడో లైను కిటికీలోంచి దూకినవాడు. ఏ వరుసలో రాసి ఉన్నారో అదే వరుసలో. నాకు ముచ్చెమటలు పోశాయి. వాడి చేతిలో ఉన్నది టేబుల్ కాదు, ఈ కాగితం.

"నాలుగోది ఎవరు? అడ్రసు చదువు, తొందరగా," అన్నాను.

తల తిప్పి చూస్తే ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. తెర మీద నాలుగో లైను మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"అది మా ఇల్లు," అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా నోరు తెరుచుకుని చూశాడు.

"మా ఇల్లండీ! ఆ పేరు మా అత్తగారిది. నేనే రాశాను. పొడుగు అడ్రసు వస్తే ప్రోగ్రాం పట్టుకుంటుందో లేదో చూడాలని, ఫైలు మధ్యలో నూటయాభయ్యో లైనుగా ఒకటి చేర్చాను. కల్పించి రాసేంత టైము లేదు. చేతికి మా ఇంటి అడ్రసే వచ్చింది, రాసేశాను. తర్వాత తీసేద్దామనుకున్నాను. రహస్యం ఫైల్లో సొంత లైను పెట్టినట్టు తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఇందాక చెప్పలేదు. ఇంట్లో మా అత్తగారూ నా కూతురూ ఉన్నారు. పాపకి జ్వరం, ఇవాళ బడికి పంపలేదు. అయ్యో, అక్కా..."

మేడమ్ పోయి అక్క అయ్యాను. టైము పదకొండూ ముప్పై ఎనిమిది.

"ఇంటికి ఫోన్ చెయ్యి. తలుపు వేసుకోమను. ఇన్‌స్పెక్టర్, కింద నీ జీపులెన్ని ఉన్నాయి?"

"రెండు. మేడమ్, ఒకటి నాలుగో అడ్రసుకి పంపుతా, ఒకటి ఐదోదానికి. రెండు చోట్లా మనవాళ్లు ఉంటే మంచిది కదా."

"నీకేమైనా మతి పోయిందా? వాడు ఇప్పటి దాకా వరుస తప్పాడా? గురువారం ఒకటి, శనివారం రెండు, సోమవారం మూడు. ఇవాళ నాలుగు. ఒక్క జీపులో ఇద్దరు కుర్రాళ్లని పంపి, వాడి ముందు నిలబెడతావా? రెండూ అక్కడికే పంపు!"

ఒకప్పటి అలవాటు కొద్దీ కాబోలు, మారు మాట్లాడకుండా వైర్‌లెస్ తీసి రెండు జీపుల్నీ ఆ అమ్మాయి ఇంటికే పంపించాడు. ఆ మాట నేనే అన్నాను. ఎవరి మీదకీ నెట్టడానికి వీల్లేదు.

ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆమె పెట్టేసి మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేసి మళ్లీ చేసింది. నోట్లో ఏదో గొణుక్కుంటోంది, "ఎత్తండి అత్తయ్యా, ఎత్తండి" అని. ఆ గదిలో చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల కాలేదు. తెర దగ్గరికి పోయి ఆ రిజెక్ట్ ఫైలుకి కూడా లాగ్ ఉందేమోనని వెతికాను. ఉంది. రెండే రెండు గుర్తులు. సోమవారం ఐదూ పదకొండు, ఫైలు తయారైంది. సోమవారం ఐదూ నలభై రెండు, ప్రింటు తీశారు, ఒక్క పేజీ.

ప్రింటు తీసిన యంత్రం నంబరు పక్కనే ఉంది. గోడకి అంటించిన పట్టీలో ఆ నంబరు ఎవరి గదిలోదో చూశాను. చూసి, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను.

"ఇది నీ గదిలో ప్రింటరు."

అతను కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేకపోయాడు.

"ఆ అమ్మాయి సంతకం కావాలని కాగితం పంపింది. ఏడు లైన్లు ఎక్కలేదంది. ఎందుకు ఎక్కలేదో చూద్దామని నేనే ప్రింటు తీశాను. చూశాను. నాకేం అర్థం కాలేదు. ఇదేదో కంప్యూటరు తప్పుల చిట్టా కదా అని..."

"అని?"

"బుట్టలో పడేశాను."

"ముక్కలు చేసి పడేశావా?"

నేల వైపు చూశాడు.

"చింపావా లేదా అని అడుగుతున్నా!"

"ఉండ చుట్టి పడేశాను మేడమ్. బుట్ట సాయంత్రం వెనక సందులోకి పోతుంది. అక్కడ ఎవరైనా కాపేసి ఏరుకుంటారని నాకు... నేను అనుకోలేదు మేడమ్."

తిట్టడానికి నోటి నిండా మాటలున్నాయి. తిట్టే తీరిక లేదు. పొద్దుటి నుంచీ వీడు ఈ అమ్మాయి మీద ఎందుకు అంత పట్టుగా ఉన్నాడో అర్థమైంది. తెలిసి చేసినవాడు కాదు. కానీ తన చేతి మీదుగా ఏదో జరిగిందేమోనన్న భయం ఎక్కడో లోపల ఉండే ఉంటుంది, దాన్ని చూడలేక ఇంకొకరి మీద పెట్టాడు.

పన్నెండూ నాలుగుకి ఫోన్ ఎత్తారు. అమ్మాయి దాన్ని గట్టిగా వినపడేలా బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మాయ్, ఊపిరాడనివ్వవా? ఇందాకటి దాకా పెరట్లో ఉన్నా, ఇప్పుడు జ్వరమని పండుకి ఒళ్లు తుడుస్తున్నాను. ఫోను వంటింట్లో ఉంది, వస్తున్నా వస్తున్నా అంటున్నా ఆగదాయె!" అత్తగారి గొంతు. పెద్ద గొంతు, హుషారైన గొంతు.

"అత్తయ్యా, తలుపు వేసుందా? ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడుగా! ఇదిగో, హాల్లో కూర్చున్నాడు. మీ ఆఫీసు తాలూకు మనిషేనట. నా పేరు పెట్టి మరీ అడిగాడు. అడ్రసు సరిచూసుకోవాలిట. ఎంత మర్యాదస్తుడనుకున్నావ్, చెప్పులు బయట విప్పి మరీ వచ్చాడు. నీ కూతురు చూడు, అతని టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. జ్వరం లేదు గిరం లేదు!"

వెనకాల పాప కిలకిలా నవ్వడం వినిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకున్నాడు. ఆ అమ్మాయి అరవబోతుంటే నేను ఆమె నోరు నా అరచేత్తో మూశాను. అరిస్తే అక్కడ ఇద్దరి పనీ అయిపోతుంది. నోటుపుస్తకం లాక్కుని గబగబా రాశాను: "జీపులు వచ్చేదాకా మాట్లాడుతూ ఉండు. నీకేమీ తెలియదు. ఆఫీసు పని మీద చేశావు."

ఆమె చదివింది. కళ్లు మూసుకుని, తెరిచింది. తర్వాత ఆమె గొంతు విని నేనే నమ్మలేకపోయాను. చక్కటి ఆఫీసు గొంతు.

"అత్తయ్యా, ఆయనకి ఒకసారి ఫోనివ్వండి. ఆఫీసు విషయం."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"నమస్కారమమ్మా," అన్నాడు వాడు. మెత్తటి గొంతు. అరుపులూ బెదిరింపులూ అయితే ఇంత భయం వేసేది కాదు.

"నమస్కారమండి. నేను డేటా విభాగంలో టెస్టర్ని. మీ దగ్గరున్న లిస్టులో ఒక తప్పు దొర్లింది. మీకు అనవసరంగా శ్రమ అవుతుందని చెబుతున్నాను."

"అలాగా. చెప్పండమ్మా."

"నాలుగో లైను నేను టెస్టు కోసం పెట్టిందండి. అసలు మనిషి కాదు. పొడుగు అడ్రసు కావాలని మా ఇంటిది రాశాను, అంతే. మా అత్తగారు ఏ కేసులోనూ లేరు."

"అందరూ అలాగే అంటారమ్మా," అన్నాడు, నొచ్చుకున్నట్టు. "మొన్న ఒకాయన కూడా అలాగే అన్నాడు."

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది. నేను వాచీ చూశాను. పన్నెండూ ఎనిమిది. జీపులు వెళ్లి అరగంట అయింది, ఈపాటికి చేరాలి.

"మీ కాగితం ఒకసారి చూడండి. నాలుగో లైన్లో పుట్టిన తేదీ చూడండి."

కాగితం విప్పుతున్న చప్పుడు. పాప ఏదో పాట మొదలెట్టింది.

"ఫిబ్రవరి ముప్పై," అని చదివాడు.

"అవునండి. తప్పు తేదీ ఇస్తే ప్రోగ్రాం పట్టుకుంటుందో లేదో చూద్దామని నేనే పెట్టాను. ఫిబ్రవరి ముప్పైన ఎవరూ పుట్టరు కదండీ. అలాంటి మనిషి లేరండి."

పాప అదే పాట మళ్లీ మొదటి నుంచీ అందుకుంది. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. తర్వాత వాడు చిన్నగా నవ్వాడు.

"నిజమేనమ్మా. ఎవరూ పుట్టరు. నేను గమనించలేదు. మంచిపని చేశారు చెప్పి." ఒక్క క్షణం ఆగాడు. "మరి ఐదోది?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తట్టలేదు. పుస్తకంలో పెద్ద అక్షరాలతో గీకాను: "అదీ టెస్టే అను. అన్నీ."

"అదీ నేను పెట్టిందేనండి," అంది ఆమె వెంటనే. "ఐదు, ఆరు, ఏడు, అన్నీ టెస్టు లైన్లే. ఏదీ అసలుది కాదు."

మళ్లీ కాగితం చప్పుడు.

"ఐదోదాంట్లో తేదీ సరిగ్గానే ఉందే అమ్మా," అన్నాడు వాడు, అంతే మెత్తగా. "ఉంటాను. పెద్దావిడకి ఫోనిస్తున్నా."

"ఏమండీ, ఆగండి, ఒక్క నిమిషం..."

"ఎవర్నే ఆగమంటున్నావు? లేచి వెళ్లిపోయాడుగా," అంది అత్తగారు. "పండు దగ్గర టోపీ తీసుకుని, బుగ్గ గిల్లి మరీ వెళ్లాడు. మంచినీళ్లు కూడా తాగలేదు పాపం."

"గడియ పెట్టండి అత్తయ్యా! వెనక తలుపు కూడా! నేనొచ్చేదాకా దేవుడొచ్చినా తియ్యకండి!" ఇప్పుడు అరిచింది. అరిచి, ఫోను గుండెలకి హత్తుకుని, నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె కూతురు బతికింది. నాకు కూడా ఏడవాలనిపించింది గానీ, తెర మీద ఐదో లైను నన్ను ఏడవనివ్వలేదు.

అడ్రసు చదివాను. ఇన్‌స్పెక్టర్ కూడా నా భుజం మీంచి చదివాడు.

"అక్కణ్ణుంచి దగ్గరే మేడమ్," అన్నాడు. "నడిచినా పది నిమిషాలు."

"జీపులెక్కడున్నాయి? ఇంకా చేరలేదేం? అటు మళ్లించు!"

వైర్‌లెస్‌లో అడిగాడు. జవాబు విని మొహం వేలాడేశాడు. జీపులు రెండూ రైల్వే గేటు దగ్గర, ఒకదాని వెనక ఒకటి, పావుగంటగా ఆగి ఉన్నాయి. గూడ్సు బండి ఒకటి గేటు దాకా రాకుండా పట్టాల మీద నిలిచిపోయిందట. ముందూ వెనకా లారీలు, వెనక్కి తిరగడానికీ లేదు. ఐదో అడ్రసుకి వెళ్లే దారి వేరు, అది వంతెన మీంచి. ఇన్‌స్పెక్టర్ మాట విని ఒక జీపు అటు పంపి ఉంటే, ఈపాటికి ఆ ఇంటి ముందు ఉండేది. అతను ఆ మాట అనలేదు. అన్నా బాగుండేది.

"ఆ ఇంటికి ఫోను?" అడిగాను, జవాబు తెలిసీ.

"లేదు మేడమ్. మనమే ఉండనివ్వలేదు."

ఐదో లైన్లో పేరు ఒక ఆడపిల్లది. పుట్టిన తేదీ నెలతో, సంవత్సరంతో సహా ఏ తప్పూ లేకుండా ఉంది. లెక్క వేశాను. పందొమ్మిదేళ్లు.

నేనూ ఇన్‌స్పెక్టరూ మెట్ల మీద పరుగెత్తుతుంటే వెనక ఇంకో అడుగుల చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి.

"నువ్వెక్కడికి? ఇంటికి పో, నీ కూతురి దగ్గరికి పో!" అని కసిరాను.

"ఆ పిల్ల దగ్గరికి వాణ్ణి పంపింది నేనే అక్కా," అంది రొప్పుతూ. "తేదీ చూడమని చెప్పింది నేనే."

నువ్వు కాదు, నేను అని చెప్పాలనుకున్నాను. చెప్పే ఊపిరి లేదు. వీధిలోకి వచ్చి, పోతున్న కారొకటి ఆపి, లోపలి మనిషిని దింపేసి ఇన్‌స్పెక్టర్ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. వంతెన వైపు తిప్పాడు. పన్నెండూ పదహారు. అతని ఒళ్లో వైర్‌లెస్ గరగరమంది.

"సార్, గేటు ఇంకా తియ్యలేదు," అంది అవతలి గొంతు. "పట్టాల పక్కన టోపీ పెట్టుకున్నాయనెవరో అవతలి వైపు నడిచిపోతున్నాడు. ఆయన్నేమైనా అడగమంటారా?"

ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లోకి అరిచేలోపే, అందులోంచి గూడ్సు బండి కూత వినిపించింది. "బండి కదిలింది సార్, మాకూ ఆయనకీ మధ్య అడ్డం వచ్చేసింది," అంది ఆ గొంతు.